పద్దెనిమిది గజాల గీత

ఇత్తడి పలక మీద తప్పు రాశారయ్యా! గుడ్డ ఎత్తి చూశావా? "స్థాపన 1996" అట. మరి అంతకు ముందు నాలుగేళ్ళూ మేం గాడిదలు కాశామా?

కూర్చోమనకు. కూర్చోలేను. పొద్దున్నే లేచిన దగ్గర్నుంచీ ఈ గ్రౌండ్ చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. నాతో నడువు కర్టిస్. నాలుగింటికి ఆ పలక మీద గుడ్డ తీసేది నువ్వేగా! రెండొందల మైళ్ళు కారు నడుపుకుంటూ వచ్చావు. పరువు పోయిన చోటికి చప్పట్లు కొట్టడానికి ఎవరైనా వస్తారా? పిలిచినవాళ్ళకి సిగ్గు లేదు సరే, నీకు బుద్ధుండక్కర్లా?

నేనా? వర్జిల్ హాచర్. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు ఈ క్లబ్బుకి గీతలు గీసింది నేనే. గడ్డి కొయ్యడం, గీతలు గీయడం, గెలిస్తే అరవడం, ఓడితే కుర్చీలు మడవడం. అదే నా ఉద్యోగం.

తొంభై రెండులో పెట్టాం. పంపుల ఫ్యాక్టరీ మూసేసిన ఏడాది. పని లేదు, ఇంట్లో కూచుంటే పెళ్ళాలు ఊరుకోరు. ఏం చేస్తాం? లోగన్‌ఫర్డ్ రివర్‌మెన్ అని పేరు పెట్టుకుని చర్చి వెనకాల ఆడాం. మొదటి మ్యాచ్‌కి మావాళ్ళు తొమ్మిదిమందే వచ్చారు. తొమ్మిది గోల్స్ తిన్నాం. తలకొకటి!

తర్వాత తివాచీల షాపాయన వచ్చాడు. పేరు మార్చి థండర్ అన్నాడు, ఊదారంగు జెర్సీలు కుట్టించాడు, వాటి మీద తన మొహమే అచ్చేయించాడు. అదీ తొంభై ఆరు! పలక వాళ్ళకి చరిత్ర అక్కణ్ణుంచే మొదలైందట.

ఇంకో తమాషా విను. ఓసారి సీజన్ మధ్యలో లీగే మూసేశారు. మాకెవరూ చెప్పలా. బస్సేసుకుని పోయి ఆడేసి, గెలిచి వచ్చాం. అవతలివాళ్ళకీ తెలియదుగా మరి! ఆ గెలుపు ఏ పుస్తకంలోనూ లేదు. నవ్వకు, నిజం.

ఆ తర్వాత మళ్ళీ పాత పేరు తెచ్చుకుని ఈ హైస్కూల్ గ్రౌండ్‌కి చేరాం. బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే ఫుట్‌బాల్ ఉందే, అది ఆడే స్కూలు పిల్లలవి తెల్లగీతలు. వాటి మధ్యలో కాలితో ఆడే మా ఫుట్‌బాల్‌వి పసుపు. అద్దెకున్నవాడి సామాను చూశావా, అలా ఓ మూలకి ఒదిగి ఉండేవి. రెండువేల నాలుగులో స్కూలు బోర్డు తేల్చి చెప్పేసింది, ఇదే మీకు ఆఖరి ఏడాది అని. చూడ్డానికి నూట యాభై మంది రారు, ఎందుకు మీకు అని.

అప్పుడే కప్ పోటీకి ఎవరితో ఎవరని చీట్లు తీస్తే మీ టీమ్ తగిలింది. మీరు జీతాలకి ఆడేవాళ్ళు. మా గోల్‌కీపర్ ప్లంబరు. ముందు ఆడే ఎల్మర్ చోక్ పాన్‌కేక్‌ల హోటల్లో వంటవాడు. ఎనభై ఏడు నిమిషాలు సున్నా, సున్నా. ఎనభై ఎనిమిదో నిమిషంలో ఎల్మర్ దూసుకొచ్చాడు, నువ్వు కాలు అడ్డం పెట్టావు. గోల్ ముందు పద్దెనిమిది గజాల బాక్స్ లోపల పడేశావని రిఫరీ పెనాల్టీ అన్నాడు.

ఎంత అరిచావయ్యా! "బయటే! బాక్స్ బయటే!" అని. రిఫరీ ఛాతీ మీద చెయ్యి వేసి నెట్టావు. ఎర్రకార్డు. ఎల్మర్ గోల్ కొట్టాడు. మరుసటేడు ఇక్కడ జనం నాలుగువేలు. ఈ స్టాండ్లు, ఈ దీపాలు, ఆడపిల్లల టీమ్, అన్నీ ఆ ఒక్క గోల్ పెట్టిన భిక్షే. మా మనవరాలు ఆ టీమ్‌లోనే ఆడుతోంది, తెలుసా?

నీకేం మిగిలింది? పది మ్యాచ్‌ల నిషేధం. ఏడాది తిరక్కుండానే టీమ్ వదిలించుకుంది. ఇళ్ళ కప్పులు వేసుకుంటున్నావు. నిన్న విందులో నువ్వే చెప్పావు, నవ్వుతూ. "మా నాన్న పోయేదాకా అంటూనే ఉన్నాడు, అంత లావు పసుపుగీత కనపళ్ళేదురా నీకు అని." అందరూ పగలబడి నవ్వారు. నేను కంచం వదిలేసి లేచి వచ్చేశాను నాయనా. రాత్రంతా కంటి మీద కునుకు లేదు.

ఇదిగో, దక్షిణం గోల్. ఇక్కడే. ఆగు, చెప్పనీ. చెప్పకపోతే నా గుండె పగిలిపోతుంది.

ఆ మ్యాచ్‌కి ముందురోజు వాన. మా పసుపుగీతలన్నీ కొట్టుకుపోయాయి. పొద్దున్నే టీవీ వాళ్ళు వస్తామన్నారు, నాకు కంగారు. తాడు పెట్టి కొలవాలి, గోల్ గీత నుంచి పద్దెనిమిది గజాలు. కొలవలా. స్కూలు వాళ్ళ తెల్లగీత ఒకటి తిన్నగా కనపడింది. దాని మీదే పసుపు కొట్టేశాను. అది ఇరవై గజాల దగ్గరుంది.

మధ్యాహ్నం శాండ్‌విచ్ తింటూ స్కూలు మెట్ల పైనుంచి చూశాను. ఆ బాక్స్ ఒకలా, ఈ బాక్స్ ఒకలా! గీత చెరిపెయ్యడానికి షెడ్‌లో ఆకుపచ్చ రంగుంది, మూడు గంటల టైముంది. లేచాను. మళ్ళీ కూర్చున్నాను. అప్పటికే మీవాళ్ళు వచ్చి గ్రౌండ్ తిరుగుతున్నారు. డబ్బా పట్టుకెళితే ఏంటని అడుగుతారు, కొలుస్తారు, మ్యాచ్ మీ ఊరికి మార్చేస్తారు. ఇక మా పని సరి. దేవుడి మీద భారం వేసి నోరు మూసుకున్నాను.

మొదటి సగం మీవాళ్ళే ఇటు దాడి. ఆ తప్పుగీత మా మెడకే చుట్టుకుంటుందేమోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూచున్నాను. రెండో సగంలో మావాళ్ళు ఇటు తిరిగారు. భయం పోయింది. అదీ చెప్పాలిగా మరి.

నువ్వన్నది నిజం. బయటే. అసలు పద్దెనిమిదికి గజం బయట. టీవీలో వందసార్లు చూపించారు, పసుపుగీత లోపలే నీ కాలు. కానీ చిన్నప్పట్నుంచీ ఆడినవాడివి, పద్దెనిమిది గజాలంటే ఎంతో నీ కాళ్ళకి తెలుసు. ఆ రోజు అంతమందిలో సంగతి తెలిసింది ఇద్దరికే. నువ్వు అరిచావు. నేను అరవలేదు.

ఎటు పోతున్నావ్? ఓహో, గోల్ నుంచి అడుగులు వేసి కొలుస్తున్నావా! వెయ్యి. ఇప్పుడు సరిగ్గానే ఉంటుందిలే. ఆ మర్నాడే దిద్దేశాను.

కళ్ళు తుడుచుకో. ఎవరైనా చూస్తారు. చూడనీ పోనీ! ఇరవై ఏళ్ళు నీ మాట నువ్వే నమ్మలేదా? మీ నాన్నకీ చెప్పుకోలేకపోయావా? అయ్యో, నా నోరు పడిపోను...

మైకులో చెప్పమంటావా? చెప్తాను. నాలుగింటికి, అందరి ముందూ. మా మనవరాలు ముందు వరసలో ఉంటుంది. ఉండనీ. చెప్తానన్నానుగా!

ఏంటీ? ఏమన్నావ్?

మళ్ళీ ఆ మధ్యాహ్నమే వస్తే ఆ గీత చెరిపేవాణ్ణా అనా?

ఎందుకడిగావయ్యా ఆ మాట. క్షమించమని అడుగుదామని వచ్చాను కదా, అది అడగనివ్వొచ్చుగా.

చెరపను నాయనా. నీ మొహం ఇలా ఎదురుగా చూస్తూ కూడా చెరపను.