రెండు స్క్రూల రైఫిల్

వెనక వసారా. ఈ కొసన బల్ల మీద మడతపెట్టిన దుప్పటి, దాని మీద ఎయిర్ రైఫిల్. ఆ కొసన పాత పరుపుకి ఆనించిన అట్ట, దాని మీద గురి కాగితం. అమ్మకానికి పెట్టినాయన కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. కొనడానికొచ్చిన అమ్మాయి కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగిస్తుంది. ఆయన భార్య వంటింటి కిటికీ అవతల ఉంది.

“అదేనమ్మా నేను చెప్పేది. బరువు. పది గుళ్ళు పేల్చేసరికి భుజం ఊడి చేతికొస్తుంది.”

“ఎత్తి చూశాను కదా బాబాయ్‌గారూ. నాకు హాయిగానే ఉంది.”

“ఇప్పుడు హాయిగానే ఉంటుంది. రేపు పొద్దున చెయ్యి లేవదు. అద్దాలు బిగించే చెయ్యి, ఆలోచించుకో.”

“గొట్టం లోపల లైటు వేసి చూశాను. గీత కూడా లేదు.”

“ట్రిగర్ మొండిది.”

“ట్రిగరా? ఎక్కడ ఆగాలో, ఎక్కడ నొక్కాలో వేలికి దానంతటదే చెప్తోంది. క్లబ్బులో మాకిచ్చేవాటికి ఇంత మర్యాద లేదు.”

“నువ్వు కొనడానికొచ్చావా, పొగడ్డానికొచ్చావా?”

“మీరు అమ్మడానికి పెట్టారా, తిట్టడానికి పెట్టారా?”

“ఏవండీ! ఆ అమ్మాయికి లోపాలన్నీ చెప్పారా? ఏదీ దాచకండి. తర్వాత మన పేరు పోతుంది!”

“అదే చెప్తున్నానోయ్! నువ్వు ఆ టీ సంగతి చూడు!”

“అవుతోంది! మీరొచ్చి ఈ చాకు కొన కాస్త సరిచేద్దురూ, వంగిపోయింది!”

“చేస్తాలే!... విన్నావా అమ్మా? ఇది గడప దాటితే గానీ ఆవిడకి నిద్రపట్టదు. మూడు నెలల కిందట, తోడికోడళ్ళంతా కూర్చుని ఉండగా, ‘ఈ ఇంట్లో అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి’ అనేసింది. నేనూ పౌరుషానికి పోయి, ఇది బాగా పేలుతుందని ఒప్పుకున్న మొదటి మనిషికి ఇచ్చేస్తానని మాటిచ్చేశా.”

“ఇప్పటికి ఎంతమంది వచ్చారు?”

“ఐదుగురు. ఒక్కడూ ఒప్పుకోలేదు. పాపం.”

“పాపం అంటూ నవ్వుతారేం?”

“నవ్వా? పన్ను నొప్పి.”

“సరే, దుప్పటి మీద ఆనించి ఐదు పేలుస్తాను. గుళ్ళ డబ్బా ఇదేనా? అడుగున పదో పన్నెండో ఉన్నాయంతే.”

“అదేమిటీ, ఆదివారం నిండుగా ఉందే! ఏమోయ్, గుళ్ళ డబ్బా ఎవరైనా ముట్టుకున్నారా?”

“ఎలకలేమో!”

“ఎలకలు సీసం తింటాయటే?”

“ఈ ఇంట్లో ఎలకలు ఏమైనా తింటాయి! గురి కాగితాలు తగ్గినా అవే!”

“సర్లే... నువ్వు పేల్చమ్మా.”

“వెనక్కి జరగండి మరి. ఇంకొంచెం. ఆఁ.”

“... ఐదూ అయ్యాయా? చూశావా, నే చెప్పలా! నల్ల గుండ్రం సంగతి దేవుడెరుగు, కాగితం మీదే పడలేదు. పద, టీ తాగి వెళుదువుగాని.”

“ఆగండాగండి. కాగితం మీద పడలేదు, అట్ట మీద పడ్డాయి. రండి ఇటు. ఎడమ పక్కకి, బాగా పైకి. ఐదు గుళ్ళకీ కలిపి ఒకటే కన్నం.”

“ఒకటేనా?”

“నా చిటికెనవేలు కొన పడుతుందంతే. చెడ్డ రైఫిలయితే గుళ్ళు తలోదారీ పడతాయి. ఇది ఐదుసార్లూ అదే చోట కొట్టింది. రైఫిల్ నిక్షేపంలా ఉంది, గురి చూసే సైటు పక్కకి పోయింది. పోవడమేంటి, ఎవరో జరిపారు. సైటు పక్క స్క్రూ తిప్పిందెవరు బాబాయ్‌గారూ?”

“మెల్లిగా! మెల్లిగా తల్లీ! కిటికీ తెరిచే ఉంది.”

“మీరేనా?”

“ఎవరైనా వస్తున్నారంటే ముందు రెండు చుట్లు ఎడమకి, వాళ్ళటు వెళ్ళగానే రెండు చుట్లు కుడికి. ఏం చెయ్యమంటావ్? పగలంతా ఊళ్ళోవాళ్ళ మిషన్లతో కుస్తీ. దీన్ని కూడా ఇచ్చేస్తే సాయంత్రాలు నేనెక్కడ కూర్చోను?”

“నేను మాత్రం ఒప్పుకుంటున్నాను. ఇది బ్రహ్మాండంగా పేలుతుంది. మీ మాట ప్రకారం ఇక నాదే.”

“అమ్మాయ్...”

“కానీ పక్క స్క్రూ సరే, పై స్క్రూ కూడా ఎందుకు తిప్పారు?”

“పైదా? దాని జోలికి నేనెప్పుడూ పోలేదే!”

“గుళ్ళు పైకి కూడా పోయాయి కదా. నా బతుకంతా స్క్రూలతోనే బాబాయ్‌గారూ, వాటి మొహం చూస్తే చెప్పేస్తాను. పక్కదాని గాడి నీటుగా ఉంది, కొలతకి సరిపోయిన స్క్రూడ్రైవర్‌తో తిప్పారు. పైదాని గాడి చూడండి, అంచులు రేగిపోయాయి. కూరలు తరిగే చాకు కొన పెట్టి తిప్పినట్టుంది.”

“స్క్రూ గాడిలో చాకా! ఏ పాపిష్టి చేతులమ్మా అవి! ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఇలాంటి ఘోరం... ఆగాగు. చాకా?”

“చాకే.”

“ఏమోయ్! ఒకసారి ఇలా రా. ఆ కొన వంగిన చాకు కూడా పట్టుకురా!”

“వచ్చా. ఇదిగో చాకు, ఇదిగో టీ. అలా గుడ్లురిమి చూడకండి. మొదటివాడొచ్చినప్పుడే మీరు పక్క స్క్రూ తిప్పడం కిటికీలోంచి చూశాను. మీ రెండు చుట్లతో పనయ్యేలా లేదని పైది నేను తిప్పాను.”

“నువ్వా!”

“వాళ్ళు వెళ్ళాక మళ్ళీ సరిచేస్తూనే ఉన్నాగా. ఇంక మాటంటారా, మీరిచ్చింది నాకు. నేనే వదిలేస్తున్నా. నువ్వేం అనుకోకు తల్లీ.”

“అదేంటి పిన్నిగారూ! అమ్మెయ్యమని పట్టుబట్టింది మీరే కదా?”

“పట్టుబట్టానమ్మా. అప్పటికింకా నేను పేల్చి చూళ్ళేదు.”