తొమ్మిదో పాట

పాత రికార్డులూ సీడీలూ అమ్మే కొట్టు. సాయంత్రం. కొట్టాయన ఫోన్‌లో ఒక ఫొటో చూపిస్తూ ఒంటికాలి మీద లేస్తున్నాడు. సభలకి మైకులు పెట్టే బావమరిది పక్కనే, రికార్డు మోగుతున్న ప్లేయరు దగ్గర స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"గోళ్ళు చూడరా, గోళ్ళు!"

"చూస్తున్నా బావా. గోళ్ళే."

"ఎవరివి?"

"పిడుగుల బ్యాండు గిటారాయనవి. మనవరాలి పుట్టినరోజుకి కేకు కోస్తున్నాడు."

"కేకు సంగతి వదిలెయ్. తీగలు నొక్కే ఎడమచేతి గోళ్ళు మొదలంటా కత్తిరించాడు. గిటారు ముట్టనివాడికి ఆ అవసరం ఏముందిరా?"

"మొన్న నేనూ కత్తిరించుకున్నా. నాదీ ఆల్బమ్ వస్తుందంటావా?"

"వెటకారాలొద్దు. నిన్నటి ఫొటో చూశావా? డ్రమ్ములాయన బండి నిండా గుడ్ల అట్టలు వేసుకుని పోతున్నాడు. వాటిని గోడలకి ఎందుకు కొడతారో మైకులవాడివి, నీకు నేను చెప్పాలా?"

"గదిలో మోత తగ్గుతుందని కొడతారు."

"అదీ! రికార్డింగు గది కట్టుకుంటున్నాడు."

"కోళ్ళు పెంచుకుంటున్నాడేమో బావా. డెబ్భై దాటింది మనిషికి."

"మీకందరికీ ఏం తెగులురా? పొద్దున మన అభిమానుల గ్రూపులో ఈ ఫొటో పెట్టాను. ఒక్కడు పలకడు! దర్జీ మాత్రం దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. లెక్కల మాస్టారైతే గ్రూపులోంచే వెళ్ళిపోయాడు."

"ఎవరి పనులు వాళ్ళకుంటాయి కదా."

"ఏం పనులు? ఒకప్పుడు వాళ్ళ ఆల్బమ్ వస్తోందంటే ఈ గుమ్మం ముందు రాత్రంతా పడుకోలేదూ వీళ్ళు? నువ్వు పడుకోలేదూ? దుప్పటి కూడా నాదే. ఇప్పుడు ఆ మాటెత్తితే చాలు, మొహం చాటేస్తారు. ఒళ్ళు మండిపోతోంది నాకు... ఆగు ఆగు! ఎనిమిదో పాట అయిపోతోంది. ముల్లు ఎత్తెయ్! ఎత్తరా బాబూ!"

"ఎత్తా, ఎత్తా. ఎందుకలా గుండె ఆగేట్టు అరుస్తావు?"

"తొమ్మిదోది మొదలైపోయేది."

"మొదలైతే ఏమైంది బావా? వింటే ఏమైంది?"

"నీకు తెలియనట్టు! ఏ ఆల్బమ్‌కైనా ఆఖరి పాట నేను దాచుకుంటానా లేదా? కొత్తది వస్తోందని వాళ్ళు చెప్పిన రోజునే కదా వింటాను? అప్పటిదాకా వాళ్ళది నేను వినని పాట ఒకటి నా దగ్గరుంటుంది. అది చాలు, ఎన్నాళ్ళైనా ఆగుతాను."

"ఇదివరకు రెండేళ్ళో మూడేళ్ళో ఆగావు. ఈసారి పదకొండేళ్ళు."

"అందుకే అంటున్నా, ఇంకెంతో కాలం పట్టదని!"

"బావా..."

"ఏంటి?"

"ఏం లేదు. టీ చల్లారిపోయింది."

"నీళ్ళు నమలకు. చెప్పు."

"ఒక్కసారి... ఆ తొమ్మిదో పాట వినేస్తే బాగుంటుందేమోనని."

"నోరు మూసుకో! ఆ పాట గురించి ఒక్క మాట కూడా నా చెవిన వెయ్యబోమని అందరూ ఒట్టేశారు. నువ్వూ వేశావు, మీ అక్క మీద."

"అందుకేగా చచ్చిపోతున్నా. అదిగో, అక్కే వస్తోంది."

"ఇంకా గోళ్ళ దగ్గరే ఉన్నారా మీరు? మీ అరుపులు వీధి మలుపు దాకా వినిపిస్తున్నాయి."

"రా నర్సమ్మా, రా. ఆసుపత్రి డ్యూటీ అయిందా? మీ తమ్ముడికి కాస్త బుద్ధి చెప్పు."

"వాడికి తర్వాత చెబుతా. ముందు మీరు చెప్పండి. పెద్ద డాక్టరమ్మ నన్ను ఇవాళే మాట చెప్పమంది. పక్క ఊరి ఆసుపత్రికి పెద్ద నర్సుగా వెళతానా, లేదా?"

"ఇవాళేనా?"

"వారం నుంచి చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నానండీ. రాత్రి కూడా చెప్పాను. అన్నం తింటూ 'ఊఁ' అన్నారు."

"ఇంకో ఆరు నెలలు ఆగమను వాళ్ళని."

"ఆసుపత్రిని ఆగమనాలా?"

"అదికాదే. వెళదాం, నేను కాదంటానా? ఈ ఆల్బమ్ ఒక్కటి వచ్చెయ్యనీ. ఆ రోజుకి నేనీ కొట్లో ఉండాలి. ఊరు ఊరంతా వస్తుంది. షట్టరు దించేసి, తాళం వేసి ఉంటే, వాళ్ళు ఏమనుకుంటారు? వాళ్ళు ఇక్కడిదాకా వచ్చాక నేను లేకపోతే ఎలా?"

"మొదటిసారి నాకీ ఉద్యోగం ఇస్తామన్నప్పుడు ఇదే అన్నారు. ఆరు నెలలు అన్నారు. అప్పటికి మన పిల్లకి పాలపళ్ళు ఊడలేదు. రెండోసారీ ఆరు నెలలే అన్నారు. ఇప్పుడది కాలేజీలో చేరుతోంది."

"నేనొద్దన్నానా? నువ్వే అన్నావు వద్దని."

"మీ మొహం చూసి అన్నాను!"

"అక్కా, పోనీలే, మెల్లగా..."

"నువ్వుండరా. నా మోకాళ్ళు అరిగిపోయాయండీ. రాత్రిళ్ళు వార్డంతా తిరగలేకపోతున్నా. అక్కడైతే కూర్చుని చేసే పని, పగటి పని. మూడోసారి అడిగారు, నాలుగోసారి అడగరు. నాక్కావాలి ఈ ఉద్యోగం. ఇంత పచ్చిగా మీ దగ్గర ఎప్పుడూ అడగలేదు నేను."

"నాకు తెలియదా నీ కష్టం? కానీ ఇంతకాలం ఆగి, తీరా వచ్చే ముందు..."

"ఏం చూసి వస్తుందంటున్నారు?"

"గోళ్ళు..."

"గోళ్ళు!"

"గుడ్ల అట్టలు కూడా. సరే, నవ్వండి ఇద్దరూ. వాళ్ళు ఇక పాడం అని ఎక్కడైనా అన్నారా? పేపరులో వేశారా? టీవీలో చెప్పారా? లేదుగా! మానేసేవాళ్ళు ఒక మాటైనా చెప్పకుండా మానేస్తారా? పిడుగులు అలాంటివాళ్ళు కాదు. మనల్ని గాలికొదిలేసేవాళ్ళు కాదు."

"ఇంకో టీ తెప్పించనా బావా?"

"ఏంట్రా? ఎందుకు మీ అక్కవైపు చూస్తున్నావు?"

"నేను చూడ్డంలేదు బావా."

"ఒరేయ్ తమ్ముడూ. నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"నేనా? నీ మీద ఒట్టేశానక్కా. నావల్ల కాదు."

"ఏంటిది? ఏం చెప్పాలి? ఇద్దరూ కలిసి నాటకాలా?"

"ఆ ముల్లు మళ్ళీ పెట్టండి. తొమ్మిదోది వినండి."

"నీకేమైనా మతి పోయిందా? కొత్తది వస్తోందని చెప్పాకే..."

"చెప్పరండీ. వాళ్ళు చెప్పాల్సింది ఆ పాటలోనే చెప్పేశారు."

"ఏం చెప్పారు?"

"ఇదే మా ఆఖరి పాట అన్నారు. ఇంతకాలం విన్నారు, సంతోషం, ఇక మా కోసం చూడకండి అన్నారు. పాట అయ్యాక నలుగురూ ఒకరి తర్వాత ఒకరు సెలవు చెబుతారు. డ్రమ్ములాయన అయితే ఏడుస్తాడు."

"ఒరేయ్... నిజమేనా?"

"నిజమే బావా."

"నువ్వు విన్నావా?"

"అందరం విన్నాం. దర్జీ, మాస్టారు, అందరూ. నువ్వు కనిపిస్తే నోటికొచ్చేస్తుందని భయపడే ఇటు రావడం మానేశారు. నువ్వేమో గోళ్ళంటావు, అట్టలంటావు. ఏమనాలి బావా నీతో? ఎన్నిసార్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయానో నాకే తెలుసు."

"ఉండు. ఉండు. నర్సమ్మా, నువ్వెక్కడ విన్నావు? పిడుగులంటేనే చెవులు మూసుకుంటావు కదా?"

"మీరు అంత అపురూపంగా దాచుకుంటున్నారు, అందులో ఏముందోనని పెట్టుకున్నాను. మీరు కొట్టుకి రాగానే."

"ఎప్పుడు? ఈమధ్యేనా?"

"ఇంటికి తెచ్చిన మర్నాడే."

"తెచ్చిన మర్నాడే... మరి రెండుసార్లు ఆ ఉద్యోగం వద్దన్నావే! ఆల్బమ్ వస్తుందనే కదే, నాతోపాటు ఆగింది?"

"రాదని తెలిసీ, మీ ఆశ తుంచలేక వద్దన్నానండీ."