ఎర్రకారుకి రేడియేటరు

"ఈ ఫొటోలో కారు పక్కన ఉన్నది నువ్వేనా నానమ్మా?"

నేను కాపోతే ఇంకెవర్తే గుంటా? సూడు ఎలా నిలబడ్డానో, కలెక్టరు పెళ్ళాంలాగ. ఫొటోలో నల్లగా అవుపిస్తన్నాది గాని అది ఎర్రకారు. రెండే సీట్లు, నెత్తిన టాపు నేదు. స్పోర్ట్స్ కారు అంటారట. బొబ్బిలి కాడ ఎవరో దొరగారి షెడ్డులో కోడిపెట్టలు పొదుగుతన్న కారు, మీ తాత తోలుకొచ్చీసినాడు. తోలుకురావడమేటి, లారీకెక్కించి తెచ్చినాడు. అరవై ఏడో, ఎనిమిదో. మీ నాన్న ఇంకా పుట్టనేదు.

సాలూరంటే లారీలు కదా. మా మావకి, అదే, మీ ముత్తాతకి, లారీ ఉండీది. ఆయనకి ఈ కారంటే ఒళ్ళుమంట. ఇద్దరు కూకుంటే నిండిపోయీది బండేటి అనీవోడు. మీ తాత ఊరుకున్నాడా? పండక్కి నీ కూతుర్ని సొంత కారులో తెస్తన్నానని మా అమ్మకి కబురెట్టీసినాడు. మా కన్నోరిల్లు పొట్టంగి, కొండల మీద గాట్ రోడ్డు ఎక్కి అవతల, ఒరిస్సా. మా అమ్మ కాళ్ళు పడిపోయి మంచం మీదుండీది పాపం. ఆ మాట ఈదంతా సెప్పుకున్నాది.

తీరా సూస్తే రేడియేటరు పాడైపోనాది. అదే, ఇంజను నీళ్ళు సల్లబరిసీది. లోపల సన్న గొట్టాల జాలి అంతా సిల్లులు. గాట్ మీద మరిగి ఆగిపోనాదంటే గొలుసేసి లాక్కొచ్చి పాత ఇనుము కొట్టుకి ఇచ్చీస్తానన్నాడు మావ. నేను బస్సెక్కి ఎల్లొచ్చు, ఎవరు కాదన్నారు? గాని ఈదిలోవోళ్ళు మా అమ్మని సూసి నవ్వరేటి?

మా సాలూరోళ్ళకి ఏటంటే, ఏ బండి జబ్బుకైనా లారీ మందే. మెకానిక్కులు, డ్రైవర్లు అందరూ సుట్టూ సేరి, లారీ రేడియేటరు పెట్టీయ్, ఎన్ని గాట్‌లెక్కినా మరగదన్నారు. పట్టదు కదా అంటే, బానెట్టు కోసీయ్ అన్నారు. జీపుది పెట్టి సూసినారు, అదీ పొడుగైపోనాది. మీ తాత మనసు లారీ వేపే తిరిగిపోనాది. బొగ్గుతో, కాదు, సుద్దముక్కతో బానెట్టు మీద గీత కూడా గీసీసినాడు.

నేను పెరట్లో మంచానికి నులక బిగిస్తన్నాను. ఆ గీత సూసినాను. అంత అందమైన మొకం కోస్తారా? లెగిసెల్లి, అంతమంది మగోళ్ళ ముందూ అనీసినాను, "నులక తెగిపోతే మంచం మారుస్తామేటి? నులక మార్సుకుంటాం. రేడియేటరుకి పైన డబ్బా, కింద డబ్బా బాగానే ఉన్నాయి కదా, మద్దిన జాలే కదా పోనాది."

టంకం పెట్టీ మేస్త్రి గెడ్డం గోక్కుని, అవుతాది అన్నాడు. అవే డబ్బాలు, మద్దిన కొత్త జాలి, ఒక వరస గొట్టాలు ఎక్కువేసి కట్టినాడు. పాతదున్న సోట్లోనే పట్టీసినాది.

పండగనాడు బయల్దేరినాం. తలకి గుడ్డ కట్టుకున్నాను, ఆ గాలికి కొంగు ఆగితేనా. ఎనకాల మా మావ లారీ, అందులో గొలుసు. గాట్ మద్దిలో ఊట ఉన్నాది, లారీలన్నీ ఆడ ఆగి నీళ్ళు పోసుకోవాల్సిందే. మాకు అక్కర నేదు గాని మావ కోసం ఆగినాం. కాసేపటికి లారీ వచ్చినాది, బుస్సుమని పొగలు కక్కుకుంటూ.

మావ దిగినాడు. మా కారు సుట్టూ తిరిగినాడు, బానెట్టు మీద సెయ్యేసి సూసినాడు. బకెట్టు ముంచుకుని తన లారీకి తనే నీళ్ళు పోసుకున్నాడు. మీ తాత వేపు సూడకుండా నాతో అన్నాడు, "నా బండి సల్లారీసరికి పొద్దెక్కిపోతాది, మీరు ముందెల్లండమ్మా. కారు తెచ్చింది నా కొడుకు, గాట్ ఎక్కించింది నా కోడలు. మీ అమ్మకి నేనన్నానని సెప్పు."

సెప్పనా మరి? ఈదంతా ఇనీలాగ సెప్పినాను. మా అమ్మని మంచంతో సహా కారుకాడికి మోసుకొచ్చినారు. ఎర్ర బానెట్టు తడిమి తడిమి సూసుకున్నాది. ఈ ఫొటో అప్పటిదే. అల్లదిగో, మూలని బానెట్టు మీద సెయ్యొకటి అవుపిస్తన్నాది కదా, అది మా అమ్మది.

సల్లగుండు తల్లీ. నువ్వెక్కిన బండి ఏ గాట్ మీదా మరగకూడదు.