మేఘానికి గడ్డి గుచ్చుకున్న సంగతి

ముందుది వెనకా, వెనకది ముందూ రాస్తానేమో, ఈ మధ్య అలాగే అవుతోంది. కానీ మేకల అక్క ఆ రోజు టీకొట్టు బల్ల మీద ఎందుకు కూర్చుందో బాగా గుర్తుంది. ఊరందరూ పశువుల్ని మేపుకునే గుట్ట బోడిగుండులా మిగిలింది. తొలకరిలోపు దాని మీద వాననీళ్ళు ఆపే కందకాలు తవ్వాలి. ఆ పని ఎవరు చేయించాలో ఆ పూట తేల్చాలి. ఈ ఏడు కూడా గడ్డి మొలవకపోతే అక్క తన మేకలన్నీ అమ్ముకోవాల్సిందే.

"నాకొదిలెయ్యండి," అని కోతల బావ గ్లాసుతో సహా లేచాడు. అక్క ఆశగా ముందుకు జరిగింది.

"నిరుడు ఆ గుట్ట మీద నేనొక్కణ్ణే, ఒక్క గడ్డపారతో, ఓ కందకం తవ్వాను. చిన్నదే. ఒక్క వాన పడింది. టీ తాగి వచ్చేసరికి మోకాలెత్తు గడ్డి!"

"టీ ఎక్కడ తాగావు? నా దగ్గర కాదే," అన్నాడు కొట్టు మామ.

"అడ్డు రాకు మామా, ఊపు పోతుంది. మర్నాటికి నడుమెత్తు, ఆ మర్నాటికి నా మీద ఇంకో నేను నిలబడ్డంత. ఓ మేకపిల్ల అందులో దూరింది. వెతికాం, పిలిచాం, ఊహూఁ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడు నెలలకి గడ్డం పెంచుకుని, మనవల్ని వెంటేసుకుని బయటికొచ్చింది!"

"మూడు నెలలకే మనవలా?"

"మేత బలం మామా! అంతటితో ఆగిందా? పైన పోతున్న మేఘానికి గడ్డికొస గుచ్చుకుంది. పాపం, ముందుకీ పోలేదు, వెనక్కీ పోలేదు. నిచ్చెనేసుకుని ఎక్కి, పొదుగు పితికినట్టు పితికాను. పొద్దున రెండు బిందెలు, సాయంత్రం రెండు. జాలేసి విడిచిపెడితే పోనంటుందే! ఇప్పటికీ మా చూరు పట్టుకునే ఉంది."

అందరూ పడీపడీ నవ్వారు. అక్క కూడా నవ్వింది, కానీ ఆమెకి కావాల్సింది మేఘం కాదు, గడ్డి.

"అది సరే తమ్ముడూ, కందకం ఎలా తవ్వావు? వాలుకి అడ్డంగానా, పైనుంచి కిందికా?"

"అడ్డంగా తవ్వడానికి నేనేమన్నా వెర్రివాణ్ణా? పైనుంచి కిందికి, గీత గీసినట్టు! నీళ్ళు ఎలా పరిగెత్తాయనుకున్నావు!"

ఆపాల్సిన నీళ్ళకి దారి తీసి పంపాడు మహానుభావుడు.

"పరిగెత్తాయి, నేనూ చూశాను," అంది అక్క. "ఆ గీత కొసన ఉన్నది నా మేకల దొడ్డే. గుట్ట మీది మన్నంతా కొట్టుకొచ్చింది. మోకాలెత్తు గడ్డి కాదు నాయనా, మోకాలిలోతు బురద! నాలుగు రోజులు ఎత్తిపోశాను. ఎవరు పంపారో అని ఇన్నాళ్ళూ తెలియక చచ్చాను."

అయినా బావ నోరు ఊరుకుంటే కదా. "చూశారా, నా మన్ను! ఎవరూ చెప్పకుండానే ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది!"

"వచ్చింది, కానీ వెళ్ళడం తెలియడంలేదు. దొడ్డి పక్కనే కుప్పగా పడుంది. రేపు పొద్దున్నే తట్ట తీసుకుని రా, గుట్టెక్కిద్దువుగాని. కందకాలు ఎక్కడ తవ్వాలో నేను చూపిస్తాను. అడ్డంగా."

పని ఎవరు చేయించాలని ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

చెల్లీ, ఈ పేర్లు నువ్వొకసారి చూసిపెట్టు. కొట్టు మామ అనేవాళ్ళమా, గ్లాసుల మామ అనేవాళ్ళమా? కందకం సంగతి చూడక్కర్లేదు, అది నాకు తెలుసు.