ఏడో నంబర్ బస్సులో శెనక్కాయలు

హలో… ఆ, నేనే మేడం. ఏడో నంబర్ స్కూల్ బస్సు ఆయాను, మద్దమ్మను.

…నిలోఫరా? యాడికి పోతాది, నా బస్సులోనే ఉండాది. కడాకు సీట్లో, అన్నిటికన్నా వెనక. గేటు ముందర నిలబడి ఇరవై నిమిషాలాయ. పిల్లోల్లంతా దిగిపోయిరి, ఈ పాప మాత్రం సీటుకు అతుక్కొని కూర్చుంది.

…అయ్యో, వాళ్ళ నాయనకు ఫోన్ చేయగాకండి! ఒక్క పది నిమిషాలు ఓర్చుకోండి…

…లేదు లేదు, హుస్సేన్ వలి మంచోడే. షుఐబా ఫ్యాక్టరీల కాడ డ్యూటీ, ఈ అరబ్బు దేశం ఎండలో మాడి వస్తాడు. "ఇంగొక్కసారి బడికి పోనని ఏడిస్తే రాయచోటికి, దాదీ దగ్గరికి పంపించేస్తా" అన్నాడంట మొన్న. అన్నంత పనీ చేసే మనిషి. అందుకే ఈ పొద్దు ఇంట్లో నవ్వుకుంటా బస్సెక్కి, ఈడ ఏడుస్తాంది.

— నీకేం కాదులే పాపా. నేను మాట్లాడతాండా కదా. ముక్కు తుడుచుకో.

…మీరెవరన్నారూ? కౌన్సిలింగ్ మేడమా? శివపార్వతి మేడం! కొత్తగా వచ్చినారే, మీరేనా… అవునూ, తెలుగే మాట్లాడతాండారే! యా ఊరు మీది?… పులివెందులా! ముందే చెప్పకూడదా, నేను ఇంతసేపూ నాలుక మడత పెట్టి మర్యాదగా మాట్లాడతాండా.

…ఆ, చెప్తా. నిన్న క్లాసు ఫోటో తీసినారు కదా. ఒక పిల్లోడు "నిలోఫర్ నిలబడితే ఫ్లాష్ చాలదు" అన్నాడంట. క్లాసంతా నవ్విరి. పిల్లోల్లు సరే. వాళ్ళ టీచరమ్మ గూడా నవ్వి, ఈ పాపను చెయ్యి పట్టుకొని వెనక వరసలోకి నెట్టిందంట. ఫోటోలో నెత్తిన క్లిప్పు తప్ప ఏమీ అగుపించదంట.

…ఊఁ. నాకూ అట్లే మండింది.

…నాకెట్ల చెప్పిందా? పాప ఒక్కతేనా, అందరూ చెప్తారు. సూడాన్ పాప జుట్టు గురించి చెప్పింది. ఇంగొక పాప, టిఫిన్ డబ్బా మూత తీస్తే పక్కనోళ్ళు ముక్కు మూసుకుంటారని చెప్పింది.

…నేనేం అడగను మేడం! మా అక్క లక్కిరెడ్డిపల్లె నుంచి శెనక్కాయలు పంపిస్తాది. సాయంత్రం తిరిగి పోయేటప్పుడు తలా పిడికెడు పోస్తా, వలవమంటా. వలిచేటప్పుడు మొగం ఎత్తి చూసే పనుండదు కదా. చేతులు పనిలో ఉంటే నోరు దానంతట అదే తెరుసుకుంటాది. పొట్టు ఊడ్చుకోలేక నా నడుం పోతాంది, అది వేరే కత.

…మీ రూముకా? ఒక్కరూ రారా? నెలన్నరలో ఒక్కరూ?

…నిజం చెప్తే కోపం రాదు కదా? మీ రూము ప్రిన్సిపల్ రూముకు ఆనుకొని ఉండాది. తలుపేమో అద్దంది. లోపల కూర్చుంటే స్కూలంతా చూస్తాది. పిల్లోల్లు దానికి పిచ్చిగది అని పేరు పెట్టినారు. ఇంగ ఎవరొస్తారు తల్లీ?

…నవ్వుతాండారా, ఏడుస్తాండారా?… నవ్వే కదా, సరే.

…ఏందీ? అన్నం గూడా ఆ రూములోనే తింటాండారా? ఒక్కతేనా? స్టాఫ్ రూములో ఇంతమంది టీచరమ్మలు ఉండారు, ఒక్కరన్నా రమ్మనలేదా?

— ఇన్నావా పాపా? మేడం గూడా ఒక్కతే కూర్చొని తింటాదంట. నువ్వు తిన్నట్లే.

…ఆ, ఇనిపిస్తాంది మేడం, అన్నీ ఇంటాంది. చెవులు ఈడ్నే పెట్టింది. మీరు చెప్పండి.

…మీకు స్కూలు ఫోటో ఒక్కటి గూడా లేదా? ఎందుకని?… ఫోటో తీసే రోజు కడుపు నొప్పని ఇంట్లో ఉండిపోతాంటివా! యేటా అదేనా! మీ అమ్మ ఏటేటా వాము నీళ్ళు తాపిచ్చిందా… ఓయమ్మా!

…పాప నవ్వింది మేడం! తల పైకెత్తింది. ఉండండి, ఏందో అడుగుతాంది… ఊఁ… ఊఁ… మీరూ తనంత నల్లగా ఉంటారా అని అడుగుతాంది.

…రొంత ఎక్కువేనా! — నీకన్నా రొంత ఎక్కువేనంట పాపా.

…ఏం పాపా?… ఇప్పుడన్నా ఫోటోలో నిలబడతారా అంటాంది.



…ఈ పొద్దా! స్టాఫ్ ఫోటో ఈ పొద్దేనా! రెండో పీరియడ్‌లోనా? దానికి పోగూడదని రూములో దాంకోని కూర్చున్నావా నువ్వు? ఓయ్ తల్లీ! పిల్లోల్లకు ధైర్యం చెప్పేదానికి జీతమిచ్చి పెట్టుకుంటే, నువ్వే కడాకు సీట్లో కూర్చున్నావే!

— ఖాజా అన్నా, హారన్ కొట్టగాకన్నా! బ్నీద్ అల్ గార్‌లో మన బస్సు కోసరం నిలబడిన చిన్న పిల్లోల్లు ఏమీ కరిగిపోరు. రెండు నిమిషాలు… మా డ్రైవరు మేడం. ఇంగో ట్రిప్పు ఉండాది.

…ఉండు, పాప బేరం పెడతాంది. నువ్వు ముందు వరసలో, నట్టనడుమ నిలబడితే దిగి వస్తాదంట. దగ్గరుండి చూస్తాదంట. వెనక్కి జరిగితే ఒప్పుకోదంట.

…సరేనా? — సరేనంట పాపా!

…ఇంగొక మాట తల్లీ. ఈ పాపకు మంచి మాటలు చెప్పి పంపిస్తే చాలదు. ఆ నవ్విన టీచరమ్మతో గూడా మాట్లాడాల. చూద్దాం గీద్దాం అంటే కుదరదు… ఈ పొద్దేనా? క్లాసు ఫోటో మళ్ళీ తీయమని అడుగుతావా? అట్లయితే సరే. ఇంగ హుస్సేన్ వలికి ఫోన్ చేసినా, పాప బడిలోనే ఉండాదని చెప్పు.

…దిగుతాంది! మెట్ల మీద ఉండాది. నువ్వు ఆ అద్దాల రూములోంచి బయటికి రా, గేటు కాడికి… బిన్నా రా, తొందరగా.

— పాపా, మేడంను గుర్తుపడతావా?… ఏమంటాందో ఇన్నావా మేడం? "ఆమె నా మాదిరే ఉంటాదిగా ఆంటీ, ఎందుకు గుర్తుపట్టను" అంటాంది.

…ఆ, కనపడినావంట. చెయ్యి ఊపుతాంది. నువ్వూ ఊపు. దోసిలి పట్టుకో, నా శెనక్కాయల సంచీ ఎత్తుకొని వస్తాంది…

హలో?… హలో?

కట్ చేసేసింది. ఖాజా అన్నా, ఖలాస్, అయిపోయింది. యల్లా, పోనీ… ఓయ్, ఆపు ఆపు! పుస్తకాల బ్యాగు ఈడే పెట్టిపోయింది!