పళ్ళున్న పిల్లకి పాలు

కళ్ళు తుడుచుకోవే అమ్మాయీ. పాపకి పుట్టుకతోనే కింది చిగురు మీద రెండు పళ్ళున్నాయని నా కోడలు, అదే మీ అత్తగారు, ఏదో అంటే నువ్వు పాలివ్వడం మానేస్తావా? గట్టిగానే ఉన్నాయి, భయం లేదని మీ డాక్టరు చెప్పనే చెప్పాడుగా! మా వదిన ఉండుంటే ఈపాటికి ఇల్లు పీకి పందిరేసేది. మా అన్నయ్య భార్యలే, నువ్వు పుట్టకముందే పోయింది. ఆవిడ తొలికానుపుకీ ఇంతే, బియ్యపు గింజల్లా రెండు పళ్ళు. మా అమ్మ, నా కన్నతల్లే అయినా అంటాను, చూడగానే "ఇదేం పుట్టుకే, తల్లిని కరిచి తినేస్తుంది" అని పిల్లని లాక్కెళ్ళి పక్కగదిలో పెట్టింది. పోతపాలు, చెంచా. అవి సగం మెడ మీదికే కారేవి. ఎవరైనా చూడ్డానికొస్తే పిల్ల నోటికి గుడ్డ అడ్డం! నోరు తెరిచి ఏడవడానికి కూడా ఆ పసిగుడ్డు నోచుకోలేదు. ఒళ్ళు మండదూ? నాకిప్పటికీ మండుతోంది.

అప్పుడు కానుపు చేసిన డాక్టరమ్మ ఆ పళ్ళు వేలితో కదిపి చూసి, "గట్టిగా ఉన్నాయి, ఉండనివ్వండి. ఊగితే మాత్రం ఊడి గొంతులోకి పోతాయి, నా దగ్గరికి తీసుకురండి, మీరు చెయ్యి పెట్టకండి. తడిగుడ్డతో తుడవండి. నాలుక కింద పుండు పడితే చూపించండి. పాలు తల్లే ఇవ్వాలి" అంది. మావాళ్ళు విన్నారా? మా అన్నయ్య వాచీలు బాగుచేసేవాడు. వాడికి లోకంలో ప్రతిదీ వాచీయే. దుకాణంలోంచి సన్న పట్టకారు తెచ్చి, కంటికి భూతద్దం బిగించుకుని, "ఎంతసేపు, చిటికెలో పని" అన్నాడు. పీకుతాట్ట! కన్నతండ్రి! వదిన పచ్చి బాలింత, అప్పటిదాకా ఎవరికీ ఎదురు చెప్పి ఎరగదు. లేచొచ్చి పట్టకారు లాక్కుని, "ముందు మీ పన్ను పీకనివ్వండి, ఎలా ఉంటుందో చెబుదురుగాని" అని మొగుడి దవడ పట్టుకుంది చూడూ, భూతద్దం జారి మంచం కింద పడింది. నాకు నవ్వాగలేదు. "పళ్ళికిలిస్తావేమే" అని అమ్మ నన్ను తిట్టింది. వదిన అవేవీ పట్టించుకోకుండా పిల్లని ఒళ్ళో వేసుకుని పాలిచ్చింది. కరిచిందా అంటే కరిచింది. "అబ్బా" అని వేలితో నోరు విడిపించి మళ్ళీ పట్టింది. అంతే, అంతకంటే ఏమీ కాలేదు.

ఆ పిల్ల పెద్దదయ్యాక మా అమ్మ ఏమనేదో తెలుసా? "నేను పెంచబట్టే బతికింది" అని! వదిన ఎదురుగానే! ఆవిడేమో నవ్వేసేది. నాకు మాత్రం... ఉండు. ఆ ఏడుపు మన పాపదేనా? ఏమే కోడలా! ఆ చెంచా అవతల పారేసి పిల్లని తెచ్చి తల్లికియ్యి. ఇయ్యమంటుంటే!