అరవై నాలుగో గ్యాస్ రాయి

తేది 18-05-2025, ఆదివారం, ఉదయం 10.40 గంటలకు, మండల పోలీస్ స్టేషన్‌లో ఎస్.ఐ. గారి ఎదుట చెప్పినది.

నా పేరు షేక్ మీరా సాహెబ్. తండ్రి పేరు లేటు బుడే సాహెబ్. వయసు అరవై ఏడు. ఉండేది నూజెండ్ల మండలం తూర్పుపాలెం. వృత్తి గ్యాస్ లైన్ మీద నడవడం. నిన్న మధ్యాహ్నం పన్నెండు గంటల వరకు అదే నా వృత్తి. మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. చదవడం వచ్చు, రాయడం వచ్చు. ఎక్కువ మాట్లాడే అలవాటు లేదు.

మా పొలాల కింద నుంచి గ్యాస్ గొట్టం పోతుంది. సముద్రం దగ్గర తీసిన గ్యాస్ ఇందులో నుంచి వేరే రాష్ట్రాల ఫ్యాక్టరీలకు, కరెంటు తయారు చేసే చోట్లకు పోతుందని ట్రైనింగులో చెప్పారు. ఇంకా కొత్త లైన్లు వచ్చి దీనికి కలుస్తాయని కూడా చెప్పారు. మా ఇంట్లో నా భార్య జాన్‌బీ ఇప్పటికీ సగం వంట పత్తి కట్టె మీదే చేస్తుంది. అది ఈ కేసుకు అవసరం లేదు. గొట్టం ఎవరిదని నేను ఎప్పుడూ అడగలేదు. నడవమన్నారు, ఆరేళ్లుగా నడిచాను.

కాలువ వంతెన నుంచి రైలు గేటు దాకా తొమ్మిది కిలోమీటర్లు నాది. ఉదయం ఐదున్నరకు బయలుదేరతాను. మెడలో కంపెనీ మిషన్ ఉంటుంది. నేను ఎక్కడ నడుస్తున్నానో అది ఆఫీసుకు చెబుతుంది. నడుముకు కొడవలి ఉంటుంది. అది లైన్ మీద పెరిగే సర్కారు తుమ్మ కొట్టడానికి. గొట్టం ఎటు పోతుందో తెలియడానికి పైన పసుపు రంగు స్తంభాలు పాతారు. వాటి మీద అంకెలుంటాయి. ఊళ్లో అందరూ వాటిని గ్యాస్ రాళ్లంటారు. సాయంత్రం రిజిస్టరులో ఆ రోజు చూసింది రాసి సంతకం పెడతాను.

14వ తేదీ బుధవారం ఉదయం 7.10కి 63వ రాయి దగ్గర ఉన్నాను. అక్కడ నిలబడి చూస్తే 64వ రాయి వెనకాల 65వ రాయి దాగిపోవాలి. ఆరేళ్లుగా దాగిపోతూనే ఉంది. ఆ రోజు రెండూ కనబడ్డాయి. 64 పక్కకు పోయి గట్టు మీద నిలబడి ఉంది. అది రామబ్రహ్మం గారి మిరప చేను. కాపు అయిపోయి ఖాళీగా ఉంది. చేను మధ్యలో, రాయి ఉండాల్సిన చోట, తవ్వి పూడ్చిన కొత్త మట్టి ఉంది. అక్కణ్ణుంచి గట్టుకు నలభై అడుగులు. నేను అడుగులు వేసి చూశాను.

రామబ్రహ్మం గారు అక్కడే ట్రాక్టరు దగ్గర ఉన్నారు. ఆయన మా ఊరి పెద్ద రైతు. పార్టీలో కూడా ఉన్నారు. ఆయన ముందు నాకు నోరు పెగలదు. అయినా అడిగాను.

ఆయన, "ఏంది సాయిబూ, పొద్దున్నే రాయిని పలకరిస్తన్నావా? చేను మధ్యన అడ్డమొస్తంటే గట్టు మీదకి పెట్టించా. శనివారం నీళ్ల గుంట తవ్విస్తన్నా," అన్నారు.

నేను, "రాయి జరిగింది గానీ గొట్టం జరగలేదయ్యా," అన్నాను.

ఆయన నవ్వారు. "మా తాతల కాడ్నుంచి ఎన్ని రాళ్లు జరపలా మేము! సర్వేయరు వచ్చినా రాయి ఆడుంటే హద్దు ఆడే అంటాడు. నీ గొట్టానికి మాత్రం ఏరే రూలా? నడిచినందుకు జీతమిచ్చే ఉజ్జోగం నీ ఒక్కడికే దొరికింది. నడువు, నడువు."

అక్కడే నిలబడి 7.40కి మా సూపర్‌వైజర్ నవీన్‌కు ఫోన్ చేశాను. రాయి జరిపారని చెప్పాను. శనివారం తవ్వుతారని కూడా చెప్పాను. తను వచ్చి చూసేదాకా రిజిస్టరులో ఏమీ రాయొద్దన్నాడు. ఆ ఫోన్ ఇదిగో, ఎస్.ఐ. గారి టేబుల్ మీద పెట్టాను. టైము అందులో ఉంది.

15వ తేదీ గురువారం పదకొండు గంటలకు నవీన్ బండి మీద వచ్చాడు. ముందు రామబ్రహ్మం గారి ఇంటికి పోయి మజ్జిగ తాగాడు. తరువాత చేనులోకి వచ్చి రాయికి ఫోటో తీశాడు.

"తాతా, రాయి ఉందా లేదా?" అన్నాడు.

"ఉంది సారూ. దాని చోట లేదు," అన్నాను.

"ఉందిగా! ఫోటోలో అంకె కనపడుద్ది, చాలు. సోమవారం ఆడిట్. ఇప్పుడు రాయి జరిగిందని రాశావనుకో, ముందు నీ ఉజ్జోగం, తరవాత నాది. తవ్వొద్దని ఆయనకి నేను చెబుతాలే. రిజిస్టర్‌లో అంతా సక్రమంగా ఉందని రాయి."

నేను రాశాను. నా చేత్తోనే రాశాను. 'రాయి నం. 60 నుండి 70 వరకు అంతా సక్రమంగా ఉంది.' కింద సంతకం పెట్టాను. ఇంటికి పోయి జాన్‌బీకి చెబితే, "చెప్పేటప్పుడు నోరుండదు, రాసేటప్పుడు చెయ్యి మాత్రం ఉంటదా నీకు?" అంది. ఆ రోజు నేను అన్నం తినలేదు.

17వ తేదీ శనివారం ఉదయం 8.20కి 63వ రాయి దగ్గరకు వచ్చేసరికి జేసీబీ చప్పుడు వినబడింది. నేను పరిగెత్తాను. నా వయసుకు పరుగు రాదు, అయినా పరిగెత్తాను. చేను మధ్యలో సరిగ్గా గొట్టం మీదే తవ్వుతున్నారు. గుంట అప్పటికే నా నడుము దాటింది. డ్రైవరు చిన్నప్ప మా పక్క వీధివాడు. చెయ్యి ఊపాను, ఆపలేదు. అరిచాను. నా గొంతు ఇంజను చప్పుడును దాటలేదు. మట్టి పెళ్ల విసిరితే అప్పుడు చూశాడు.

"ఏంది మావా, ఎండ కొట్టిందా?" అన్నాడు.

"గొట్టం నీ కిందే ఉందిరా," అన్నాను.

"గ్యాస్ రాయి ఆ గట్టు మీదుందిగా! నలభై అడుగుల అవతల. నాకూ పెళ్లాం బిడ్డలున్నారు మావా, చూడకుండా తవ్వుతానా?"

చిన్నప్ప తప్పు లేదు. అది రాసుకోండి. వాడు రాయిని నమ్మాడు.

నవీన్‌కు మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. రాయి మీద రాసి ఉన్న కంపెనీ ఫోన్ నంబరుకు చేశాను. ఒక అమ్మాయి ఎత్తి గంటలో మనుషులు వస్తారంది. బకెట్ ఒకసారి దిగి లేవడానికి ఒక నిమిషం కూడా పట్టదు. ఆ లోపల, అక్కడే నిలబడి తవ్విస్తున్న రామబ్రహ్మం గారు, "ముసిలోడి మాటేందిరా, నువ్వు కానియ్," అన్నారు. చిన్నప్ప మళ్లీ బకెట్ దించాడు. పైకి లేచినప్పుడు దాని పళ్లకు పసుపు పట్టీ ఒకటి వేలాడుతోంది. గొట్టానికి కొంచెం పైన ఆ పట్టీ పరుస్తారు. అది కనబడితే ఆపాలి. దాని మీద అపాయం అని రాసి ఉంటుంది, పుర్రె బొమ్మ కూడా ఉంటుంది. రామబ్రహ్మం గారు దాన్ని కాలితో తొక్కి, "ఏదో పాత కవరు," అన్నారు.

నేను గుంటలో దిగి పడుకున్నాను. కొడవలి తీసి గుంట ఒడ్డున పెట్టే దిగాను. కొడవలితో బెదిరించానని రామబ్రహ్మం గారి ఫిర్యాదులో ఉంది. అది అబద్ధం.

చిన్నప్ప నన్ను లాగడానికి జేసీబీ దిగాడు. రామబ్రహ్మం గారు వచ్చి నా కాలరు పట్టుకొని గుంటలో నుంచి పైకి ఈడ్చారు. "నా చేలో నాకు అడ్డమొస్తావంట్రా? జీతగాడివి, నీ బతుకెంత?" అని చెంప మీద కొట్టారు. మా నాన్న కూడా నన్ను కొట్టలేదు. ఆయన చెయ్యి వదలగానే నేను జేసీబీ ఎక్కి తాళం చెవి లాగాను. చేను మూలన ఎండిపోయిన బోరు ఒకటి ఉంది. ఆరు వందల అడుగులు వేసినా చుక్క పడలేదని ఆయనే చెప్పుకుంటారు. చెవి అందులో వేశాను. అది నేనే వేశాను. ఇంకొక సంగతి ఫిర్యాదులో లేదు, సిగ్గుపడి రాయించి ఉండరు. తడి మట్టి తీసి ఆయన తెల్ల చొక్కా మీద కొట్టాను. అది కూడా రాసుకోండి.

9.50కి కంపెనీ మనుషులు పరికరాలతో వచ్చారు. నేల మీద పెట్టి చూశారు. గుంట అడుగుకూ గొట్టానికీ మధ్య జానెడు మట్టి ఉంది. వాళ్లలో పెద్దాయన ఆ మాట రెండుసార్లు అన్నాడు. జానెడు, జానెడు అని. చిన్నప్ప అక్కడే కూలబడి వాంతి చేసుకున్నాడు. చుట్టుపక్కల చేలల్లో అప్పుడు పదిహేను మంది దాకా పనిలో ఉన్నారు. వాళ్లెవరికీ ఏమీ తెలియదు.

నవీన్ పదకొండింటికి వచ్చాడు. రాయి జరిగిన సంగతి తనకెవరూ చెప్పలేదని వాళ్ల ముందే అన్నాడు. రిజిస్టరు తెరిచి గురువారం పేజీ చూపించాడు. "ఇదిగో సార్, సక్రమంగా ఉందని తాతే రాశాడు. రైతుతో కలిసిపోయి ఉంటాడు," అన్నాడు. నేను బుధవారం చెప్పాను. గురువారం చెప్పాను. శనివారం అరిచి చెప్పాను. ఆ పేజీ మాత్రం అందరూ చదివారు. పన్నెండింటికి కంపెనీ ఇచ్చిన జాకెట్, మెడలో మిషన్ తీసుకొని ఇక పనికి రావద్దన్నారు. సాయంత్రానికి రామబ్రహ్మం గారు నా మీద ఫిర్యాదు ఇచ్చారు.

ఈ రోజు ఉదయం ఐదున్నరకు జాకెట్ లేకుండానే నడిచాను. నడవమని ఎవరూ చెప్పలేదు. గుంట పూడ్చలేదు. చుట్టూ ఒక తాడు కట్టి పోయారు. 63 దగ్గర నిలబడి చూశాను. ఇంకా రెండు రాళ్లూ కనబడుతున్నాయి. ఇంత జరిగినా ఆ రాయిని తీసి దాని చోట ఎవరూ పెట్టలేదు. రేపు ఇంకొక చిన్నప్ప వస్తాడు, అదే రాయిని నమ్ముతాడు.

నా ఉద్యోగం గురించి నేను ఇక్కడ అడగను. చెవి పారేసినందుకు కేసు పెడితే పెట్టండి. ఎస్.ఐ. గారు ఒకసారి నాతో వచ్చి 63 దగ్గర నిలబడి చూడాలి. అంతే అడుగుతున్నాను.

పైన రాసింది నాకు చదివి వినిపించారు. 'బెదిరించితిని' అని ఒక చోట పడితే కొట్టేయించాను. వేలిముద్రకు ఇంకు పెట్టె తెచ్చారు. వద్దన్నాను. గురువారం నాటి రిజిస్టరులో నా చేతిరాతతో ఒక అబద్ధం ఉంది. దాని కింద నా సంతకం ఉంది. ఈ కాగితంలో అబద్ధం లేదు. అందుకని దీని కింద కూడా అదే సంతకం పెడుతున్నాను. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

(సంతకం) షేక్ మీరా సాహెబ్